కొండమీది కోపము

ప్రతి సమాజమును మానవుని ఉద్రేకములకు చోట్లు కేటాయించును. సంతోషమునకు పందిరి వేసి, దుఃఖమునకు దినముల గడువిచ్చి, భక్తికి గుడి కట్టించిన తెలుగువాడు, కోపము గడపకడకు వచ్చినపుడు మాత్రము అది ఎవరిది, ఎవరిమీదిది, ఎంతసేపటిది అని మూడు ప్రశ్నలు వేసి, సమాధానము తనకు నచ్చినప్పుడే తలుపు తీసినాడు. ఈ మూడు ప్రశ్నల చరిత్ర వ్రాయబూనినవానికి హైదరాబాదు నగరమందలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములకంటె అనువైన చోటు మరియొకటి దొరకదు. ఏలయన, కోపమును వ్రాయించి, పలికించి, చిత్రించి, వాద్యఘోష జోడించి, ఊరూరి వెండితెరలకు పంపి జీవించుచున్న కొండ తెలుగునాట ఇదియే; తన నివాసులలో ఎవరైనను నలుగురి యెదుట నిజముగా కోపించినచో, ఇంటి మాటను వీథి కెక్కించినారని నొచ్చుకొనునదియు ఈ కొండయే. తెరమీది కోపమునకు చప్పట్లు కొట్టి, తెరవెలుపలి కోపమునకు సంజాయిషీ అడుగు ఈ ఆచారము నిన్న మొన్న పుట్టినది కాదు.

మన పూర్వులు క్రోధమును అరిషడ్వర్గమున చేర్చి, దానిని గెలిచినవానినే జ్ఞాని యనిరి. ఆ పూర్వులే నాట్యశాస్త్రమున క్రోధమును స్థాయిభావములలో ఒకటిగా గ్రహించి, అది పండినచో రౌద్రరసమగునని చెప్పి, ఆ రసమునకు ఎర్రని వర్ణమును, రుద్రుని అధిదేవతగాను నిర్ణయించిరి. ఇంట శత్రువని తరిమినదానిని రంగమునకు అతిథిగా పిలుచుటలో వారికి వైరుధ్యము తోచలేదు. రంగమున కోపించువాడు తన కోపమును కాక పాత్ర కోపమును పలుకుచున్నాడనియు, తెర దిగినతోడనే అది ఆరిపోవుననియు వారి నమ్మకము. ఇక పురాణములలో కోపమునకు అధికారమే అర్హత. దుర్వాసుడు కోపించిన అది శాపమగును. విశ్వామిత్రుడు కోపించిన త్రిశంకునికి వేరొక స్వర్గమే సిద్ధమగును. వారి గుమ్మమున నిలిచిన సేవకుడు కోపించినచో అది కథకు ఎక్కదు, అపరాధముల పట్టికకు ఎక్కును. ఎవరి కోపము వలన లోకమునకు భయము కలుగునో వారి కోపమునకే లోకము గౌరవమిచ్చినది.

అధికారము లేనివారికి సమాజము మరియొక ఏర్పాటు చేసినది. కోపమునకు ఒక గదియో, ఒక పాన్పో, ఒక ముహూర్తమో ఇచ్చి, దానిని ఆచారముగా మలచినది. కైకేయికి క్రోధాగారము ఉండెను. రాజు అచ్చటికి స్వయముగా పోయి, నేలపై పడియున్న రాణిని బ్రతిమాలవలెను. తెలుగు పెండ్లిలో నూతన వరునకు అలకపాన్పు ఉండెను. అల్లుడు దానిపై మూతి ముడుచుకొని కూర్చుండును, అత్తవారు గడియారమో, సైకిలో, కాలము మారిన పిమ్మట స్కూటరో ఇత్తుమని మాటయిచ్చి లేపుదురు, చుట్టములు నవ్వుదురు, భోజనములకు వేళయగును. ఆ కోపము ఎప్పుడు మొదలగునో, ఎట్లు ముగియునో అందరికిని తెలియును. తెలియును గనుకనే దానివలన ఎవరికిని భయములేదు. పెండ్లికుమార్తెకు మాత్రము అట్టి పాన్పు ఏ ఇంటను వేయలేదు. గదియు పాన్పును లేని పేదరాండ్రు మెటికలు విరిచి, దుమ్మెత్తిపోసి, శాపనార్థములు పెట్టి తమ కోపమును వీథిలోనే తీర్చుకొనిరి. ఊరు దానికి నోటి దురుసని పేరు పెట్టినదే గాని, ఆ నోరు దేనికి లేచినదో విచారింపలేదు.

ఈ నియమమునకు తెలుగు సాహిత్యము చూపిన గొప్ప మినహాయింపు సత్యభామ. శ్రీకృష్ణదేవరాయల కొలువులోని నంది తిమ్మన 'పారిజాతాపహరణము'న ఆమె అలుకను కావ్యమునకే ప్రాణముగా చేసి, జగన్నాథుని శిరస్సునకు ఆమె పాదము తాకునంతవరకు తీసికొనిపోయెను. కూచిపూడివారి భామాకలాపము ఆ అలుకకు అడుగులు, జడ విసురులు, కనుబొమ్మల కదలికలు సమకూర్చెను. అయితే ఆ స్త్రీకోపమును శతాబ్దములపాటు ప్రదర్శించినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణశర్మవంటి మహానటులు ఇరువదవ శతాబ్దమునను చీరకట్టి సత్యభామగా లోకమును మురిపించిరి. స్త్రీ అలిగిన తీరు చూచి రసికులు పరవశించిరి. ఆ అలుకను స్త్రీయే నలుగురి యెదుట అభినయించుటకు చిరకాలము వేచియుండవలసి వచ్చెను.

ఆధునిక తెలుగు నాటకరంగముయొక్క జాతకమున సైతము కోపమే లగ్నమున కూర్చున్నది. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున సురభి నాటకసమాజము తొలుత ఆడిన నాటకము 'కీచకవధ'. నిండుకొలువులో పరాభవమునొందిన ద్రౌపది, సమయము కాదని వారించు ధర్మరాజు, రాత్రివేళ నర్తనశాలలో చీకటి మాటున పని ముగించు భీముడు: అవమానము పదుగురి యెదుట జరుగవచ్చును గాని ప్రతీకారము మాత్రము ఎవరును చూడనిచోట జరుగవలెనను తెలుగు లోకనీతి ఆ కథలో పూర్తిగా ఇమిడియున్నది. పిమ్మట తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఊరూర ఆడినపుడు రాయబారఘట్టమున శ్రీకృష్ణుని హెచ్చరికలను, దుర్యోధనుని దర్పమును జనులు తెల్లవార్లు మేలుకొని వినిరి. నటుడు ఆగ్రహోదగ్రుడై పద్యమునెత్తి, రాగమును సాగదీసి, గుక్కపట్టి ముగించునంతలో ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అని కేకవేయుదురు. అతడు నమస్కరించి, మరల మొదటినుండి అంతే కోపముతో అదే పద్యమును పాడును. అడిగినన్ని సార్లు వచ్చి, అడుగనిచో రాని కోపము ప్రపంచమున మరియెచ్చటనైన ఉన్నదో లేదో గాని, తెలుగు సినిమాకు పెట్టుబడిగా లభించినది ఇట్టి కోపమే.

1932లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వమున వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకము ఆధారముగా కూర్చినది. అందు హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. కొడుకుపై తండ్రి కోపము, ఆ తండ్రిపై స్తంభము చీల్చుకొని వచ్చిన దేవుని కోపము: మన చలనచిత్రము మాటలాడ నేర్చిననాడే గర్జింపను నేర్చినది. దేవదానవుల కోపము వలన ఎవరికిని కష్టము కలుగలేదు. గూడవల్లి రామబ్రహ్మము సారథి సంస్థ పక్షమున 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసి, హరిజనుని కోపమును, కర్షకుని కోపమును తెరమీదికి తెచ్చినపుడు మాత్రము ముందు వరుసలవారు కుర్చీలలో కదలిరి. మొదటి చిత్రమునకు సనాతనులు అడ్డు చెప్పిరి. రెండవదానికి జమీందారులు న్యాయవాదుల ద్వారా తాఖీదులు పంపిరి, కొన్నిచోట్ల ప్రదర్శనలే నిలిచిపోయెను. ఆ చిత్రములకు ధనమిచ్చి నిలిచినవాడు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదు, స్వయముగా జమీందారుడగుట చరిత్రలోని వింత. ఆయన పేరుతో ముడిపడిన సారథీ స్టూడియోయే పిదప హైదరాబాదు అమీర్‌పేటలో వెలసి, తెలుగు సినిమాను ఈ నగరమునకు రప్పించిన తొలి మజిలీ ఆయెను.

తెలుగు సినిమా మద్రాసున నెలకొనియున్న కాలమున తెరమీది కోపమునకు రాజు ఎస్.వి.రంగారావు. 1963 నాటి 'నర్తనశాల'లో కీచకుడుగా, 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడుగా ఆయన చేసినది గమనింపుడు: గొంతు లేపుటకంటె మెడ త్రిప్పుటలో, చూపు నిలుపుటలో, మాటకు ముందు ఒక్క క్షణము ఆగుటలో భయము పుట్టించిరి. ఆ కీచకపాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున బహుమానము లభించెను. స్త్రీకోపమునకు వేరొక బాట. నోరుగల అత్తగా, సవతితల్లిగా సూర్యకాంతమ్మ చూపిన కోపము హాస్యపు గట్టు దాటకుండునట్లు రచయితలు జాగ్రత్తపడిరి. ఆమె మాత్రము సెట్టులో పదిమందికి ఇంటినుండి వంటకములు తెచ్చి పెట్టు దొడ్డ ఇల్లాలని పేరొందెను. అయినను ఆడపిల్లకు ఆ పేరు పెట్టుటకు తల్లిదండ్రులు వెనుదీసిరని లోకము చెప్పుకొన్నది.

జమున ఉదంతము ఇంతకంటె విశేషమైనది. 1960కి అటునిటుగా సుమారు మూడు సంవత్సరములు అక్కినేని నాగేశ్వరరావు, నందమూరి తారకరామారావు ఇరువురును ఆమె సరసన నటించుట మానిరి. కారణమును గూర్చి ఎవరి కథనము వారిదే. తాను క్షమాపణ చెప్పుకొనక నిలిచితినని జమునయే అనంతరకాలమున చెప్పియున్నారు. నాగిరెడ్డి చక్రపాణుల మధ్యవర్తిత్వముతో 1962 నాటి 'గుండమ్మ కథ' ఆ మువ్వురను ఒక్క చిత్రమున కలిపెను. నాలుగేండ్లకు వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారము'లో సత్యభామయైన ఆ జమునయే శ్రీకృష్ణుడైన ఆ రామారావునే కాలితో తన్నగా ప్రేక్షకులు కరతాళధ్వనులు చేసిరి. ఏ ఆత్మాభిమానము తెరమీద కళయై రాణించెనో, అదే ఆత్మాభిమానము తెరవెలుపల ఒక నటికి మూడేండ్ల శిక్ష తెచ్చెను. మన కథ అంతయు ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నది.

సినిమా మద్రాసు విడిచి వచ్చినపుడు ఈ కొండ రాళ్లును సీతాఫలపు పొదలును నిండిన చోటు. అక్కినేని వారు 1976లో బంజారాహిల్సులో అన్నపూర్ణా స్టూడియో నెలకొల్పిరి. సహకార గృహనిర్మాణ సంఘముల ద్వారా జూబ్లీహిల్సును, పిదప ఫిల్మ్‌నగరును ఇండ్ల స్థలములుగా విడిపోయెను. కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియోలు 1980ల దశకమున ఆ రాళ్ల నడుమ లేచినవి. చలనచిత్ర వాణిజ్యమండలి, కళాకారుల క్లబ్బు, దైవసన్నిధానము అను గుడి క్రమముగా ఆ చుట్టునే చేరినవి. కొండదిగువ కృష్ణానగరున అద్దెగదులలో జూనియర్ కళాకారులు, లైట్‌మెన్లు, ఫైటర్లు, వంటవారు, డ్రైవర్లు నివసింప మొదలిడిరి. మద్రాసున పరాయి నగరపు వీథులలో చెల్లాచెదరుగా ఉన్న ఒక వృత్తిసమాజము ఇచట మేడలు పైని, గదులు క్రిందను గల ఒకే ఊరుగా గట్టిపడెను. ఊరన్నాక పెద్ద కావలెను. దర్శకుడు దాసరి నారాయణరావు జూబ్లీహిల్సులోని తమ ఇంటి ముంగిట ఆ బాధ్యతను చిరకాలము వహించిరి: పారితోషికము రాని రచయిత, థియేటరు దొరకని చిన్న నిర్మాత, కార్మికసంఘపు నాయకుడు తమ ఉక్రోషమును అచ్చటికి తీసికొనిపోయి దింపుకొనెడివారు.

ఇంతలో తెరమీది కోపము దేవతలనుండి పౌరుల చేతికి దిగివచ్చెను. హిందీ 'జంజీర్'ను అనుసరించి 1974లో వచ్చిన 'నిప్పులాంటి మనిషి'లో రామారావు పోలీసు ఉద్యోగి యాయెను. 1977 సంక్రాంతికి ఆయనయే దర్శకుడై 'దానవీరశూరకర్ణ'లో కర్ణ దుర్యోధన శ్రీకృష్ణ పాత్రలు మూడును ధరించి, కొండవీటి వెంకటకవి రచించిన సంభాషణలతో దుర్యోధనుని ధిక్కారమును పల్లెపల్లెకు కంఠపాఠము చేయించెను. దాసరి దర్శకత్వమున 1980లో 'సర్దార్ పాపారాయుడు', 1982లో 'బొబ్బిలిపులి' వచ్చునప్పటికి ఆ ధిక్కారము న్యాయస్థానపు బోనులో నిలిచి వర్తమాన వ్యవస్థను ప్రశ్నించుచుండెను. అదే 1982లో, ఫిబ్రవరిమాసమున ముఖ్యమంత్రి అంజయ్యకు బేగంపేట విమానాశ్రయమున జరిగిన అవమానము తెలుగువారి మనస్సులను కలచివేసియుండగా, మార్చి 29న రామారావు తెలుగుదేశము పార్టీని స్థాపించి, ఆత్మగౌరవమను మాటతో చైతన్యరథమెక్కి రాష్ట్రమంతయు తిరిగి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి యాయెను. 1984 ఆగస్టులో ఆయనను పదవినుండి తొలగించినపుడు జనులు వీథులలోనికి వచ్చిరి. ఒక్క మాసమునకే ఆ పదవి తిరిగి ఆయనను చేరెను. తెరమీద నేర్చిన కోపము వీథిలో పనికివచ్చునని తెలుగు ప్రజ ఆనాడు ప్రత్యక్షముగా కనుగొన్నది. అయితే అది ఒక మహానాయకుని కోపము. వెనుక లక్షలమంది ఉండిరి.

సామాన్యస్త్రీ కోపమును నడివీథిలో నిలిపినవాడు అల్పాయుష్కుడైన దర్శకుడు టి.కృష్ణ. 1985లో ఉషాకిరణ్ సంస్థ నిర్మించిన 'ప్రతిఘటన'లో విజయశాంతి ధరించిన అధ్యాపకురాలు పట్టపగలు నలుగురి యెదుట పరాభవమునొంది, తుదకు గొడ్డలితో దుండగుని కడతేర్చును. కీచకవధతో దీనిని పోల్చి చూచిన కాలము తెచ్చిన మార్పు తెలియును: ఇచట ద్రౌపదికి భీముని సాయము లేదు, నర్తనశాల చీకటి లేదు. కాని ఆ చిత్రమునందే కోట శ్రీనివాసరావు ధరించిన దుష్టరాజకీయవాదికి తెలంగాణపు పలుకుబడి నిచ్చిరి. నాయకుని కోపము కృష్ణా గుంటూరుల భాషలోను, ప్రతినాయకుని కోపము తెలంగాణ భాషలోను పలుకుట అప్పటికే వాడుకగా మారుచుండెను. ఆ వాడుక అనేకవత్సరములు సాగి, తెలంగాణ ప్రజలలో ఏ గాయము రేపెనో రాష్ట్రోద్యమకాలమున బయటపడెను. 1997లో దాసరి తీసిన 'ఒసేయ్ రాములమ్మ'లో నాయిక కోపమే ఆ భాషలో వినబడగా, జనులు దానిని తమదిగా అక్కున చేర్చుకొనిరి.

కోపము ఎట్లు వినబడవలెనను విషయమున 1989వ సంవత్సరము రెండు దారులు చూపెను. 'అంకుశము'లో రాజశేఖరు ముఖమునకు సాయికుమారు గొంతు తోడయ్యెను. ముఖమొకరిది, గొంతు మరియొకరిది, ఆ రెండును కలిసిన కోపము ఒక్కటే. డబ్బింగు గదిలో ఒంటరిగా మైకుముందు నిలిచి రౌద్రమును పలుకుట ఒక ప్రత్యేకవృత్తి అని ఆ చిత్రము నిరూపించెను. అదే యేట అన్నపూర్ణవారి కుటుంబము నిర్మింపగా రాంగోపాల్‌వర్మ తీసిన 'శివ'లో నాగార్జున దాదాపు మౌనముగా సైకిలు గొలుసును తెంపి చేతికి చుట్టుకొనెను. పద్యనాటకము నుండి వచ్చిన సుదీర్ఘభాషణము ఆ గొలుసు చప్పుడునకు తలవంచెను. పదేండ్లు గడవకమునుపే ఉపన్యాసము మరల గద్దెనెక్కినది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' రాయలసీమ కక్షలను ఇతివృత్తముగా తీసికొని, తొడగొట్టుటను, మీసము మెలివేయుటను యువజనుల ముద్రలుగా చేసెను. ద్రౌపదికి తొడ చూపిన దుర్యోధనుని కథ ఎరిగిన జాతి, ఆ తొడచప్పుడునే నాయకలక్షణముగా అంగీకరించుట చిత్రము. నిజమైన సీమలో కక్షల వలన పిల్లలు తండ్రులను కోల్పోయిరి. కొండమీది చిత్రశాలలలో అవి వేసవి సెలవులకును, సంక్రాంతికిని సరకైనవి.

తెరవెలుపల మాత్రము పాతనీతియే చెల్లుచుండెను. 1993లో ఏర్పడిన సినీకళాకారుల సంఘము, 'మా' అని పొట్టిపేరుతో పిలువబడుట చేతనో యేమో, తన్ను తాను కుటుంబముగా తలచుకొనినది. కుటుంబమున కలహము ఉండవచ్చును, వినబడరాదు. 2017 మే 30న దాసరి మరణించిన పిమ్మట ఆ కలహములను దింపుకొను ముంగిలి లేకపోయెను. 2020 జనవరిలో సంఘపు డైరీ ఆవిష్కరణసభలో చిరంజీవి, మంచి యున్నచో మైకులో చెప్పుకొందము, చెడు యున్నచో చెవిలో చెప్పుకొందము అను భావమున పెద్దరికపు మాటగా హితవు చెప్పగా, కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడుగా ఉన్న రాజశేఖరు ఆ మాటను కాదని మైకందుకొని వేదికమీదనే తన అసంతృప్తిని వెళ్లగ్రక్కి, ఆనాడే పదవికి రాజీనామా యిచ్చెను. చెవిలో చెప్పవలెననుట అనాదిగా మన మర్యాద. అయితే చెవి దొరకనివాడు మైకు వెదకుకొనుట మానవస్వభావము. మరుసటియేడు, 2021 అక్టోబరు 10న జూబ్లీహిల్స్ పబ్లిక్ స్కూలులో ఆ సంఘమునకు జరిగిన ఎన్నికలో మంచు విష్ణు, ప్రకాశరాజుల వర్గములు వారములతరబడి పత్రికాగోష్ఠులలో పరస్పరము ఆరోపించుకొనుచుండగా, వేయిమందికి మించని సభ్యుల వివాదమును తెలుగులోకమంతయు టెలివిజనులో తిలకించెను.

ఈ చరిత్రలో అత్యంతబాధాకరమైన ఘట్టము 2018 ఏప్రిల్ 7న ఫిల్మ్‌నగరులో జరిగినది. నటి శ్రీరెడ్డి అవకాశముల పేర జరుగు లైంగికదోపిడిని, తనకు సంఘసభ్యత్వము నిరాకరించుటను నిరసించుచు, వాణిజ్యమండలి కార్యాలయము ముందు అర్ధనగ్నముగా కూర్చుండెను. వెంటనే సంఘము చూపిన ఆగ్రహము ఆమె చెప్పిన విషయముపై కాక, ఆమె చెప్పిన తీరుపైననే. తమ సభ్యులు ఆమెతో నటింపరని ప్రకటించి, జాతీయ మానవహక్కుల సంఘము తాఖీదులు పంపిన ఆ దినములలోనే ఆ ప్రకటనను వెనుకకు తీసికొనెను. పదుమూడు దినములకు, ఏప్రిల్ 20న, తన తల్లిని నిందించిన మాటలకు నొచ్చుకొని పవన్‌కల్యాణ్ అదే వాణిజ్యమండలికి వచ్చి నిరసన తెలుపగా, పరిశ్రమ ప్రముఖులు పలువురు పరామర్శకు తరలివచ్చిరి. తల్లికి జరిగిన అవమానమునకు కొడుకు కోపించుట సహజమే, న్యాయమే. ఒకే ప్రాంగణమున, ఒకే మాసమున, రెండు కోపములకు లభించిన ఆదరములోని అంతరమునే ఇచట గమనింపవలెను. శ్రీరెడ్డి నిరసన తరువాతనే ఫిర్యాదులు విను సంఘము ఒకటి వాణిజ్యమండలిలో ఏర్పడెను. 2019లో తెలంగాణ ప్రభుత్వము పరిశీలనకు సమితిని నియమించెను. ఆ సమితి సమర్పించిన నివేదికను ప్రచురింపుడని 2024లో సమంత ప్రభుత్వమును బహిరంగముగా కోరవలసివచ్చెను.

కొండకు వెలుపలనుండి వచ్చిన కోపములును కలవు. 2012లో 'కెమెరామన్ గంగతో రాంబాబు' తెలంగాణోద్యమమును కించపరచినదని ఉద్యమకారులు ఆగ్రహింపగా అందలి కొన్ని దృశ్యములను తొలగించిరి. 2024 డిసెంబరు 4న 'పుష్ప-2' ముందస్తు ప్రదర్శనకు సంధ్యా థియేటరు కడ జరిగిన త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆ మాసము 22న నిరసనకారులు జూబ్లీహిల్సులోని అల్లు అర్జున్ ఇంటిపై రాళ్లు రువ్వి పూలకుండీలు పగులగొట్టిరి. ఆ దినముననే ఆ నటుడు, భావములను బాధ్యతతో వెలిబుచ్చుడనియు దుర్భాషలకు దిగవలదనియు తన అభిమానులకు విజ్ఞప్తి చేసెను. కోపమును తెరమీద అభినయించి కోట్లమందిని కదిలించినవాడు తెరవెలుపల శాంతిని వేడుకొనుటలో కపటమేమియు లేదు. నాట్యశాస్త్రపు పాతవిధియే అది. రాయి రువ్వుట కోపమునకు భాష కాదు, మాటలకు ముగింపు. 2025 ఆగస్టులో కృష్ణానగరపు కార్మికులు మరియొక మార్గము చూపిరి: వేతనములు 30 శాతము పెంచవలెనని ఇరువదినాలుగు శాఖలవారు పని నిలిపి, రెండు వారములకు పైగా చిత్రీకరణలు ఆగిపోగా, కార్మికశాఖ మధ్యవర్తిత్వమున మూడేండ్లలో 22.5 శాతము పెంపునకు ఒప్పందము కుదుర్చుకొనిరి. అందు రాయి లేదు, చెవిలో గుసగుసయు లేదు. లెక్క యున్నది, కూర్చుండి మాటలాడుటకు బల్ల యున్నది.

ఈ నూరేండ్లకు పైబడిన వృత్తాంతము నుండి తేలు నిర్ణయ మొక్కటి. బహిరంగముగా కోపించుట అమర్యాదయని మనము ఎన్నడును నిజముగా నమ్మలేదు. నమ్మియుండినచో హిరణ్యకశిపునకు, దుర్యోధనునకు, సత్యభామకు ఇన్ని హారతులు పట్టియుండము. స్థాయిలేనివాడు కోపించుటనే మనము అమర్యాద యనుచు వచ్చితిమి. అలకపాన్పు దక్కినవాని కోపము ముచ్చటయై ముగిసినది. అది దక్కనివారి కోపము నడివీథిలో వస్త్రము విడిచినది, లేదా రాయి పట్టినది. కోపమును వ్రాయుటలో, పలుకుటలో ఇంతటి నేర్పు సంపాదించిన పరిశ్రమకు దానిని వినుటకు ఒక చోటు కట్టుట పెద్ద పని కాదు. ఫిర్యాదు చేసినవారి పేరు కాపాడుచు, గడువులోపల విచారించి, ఫలితమును వెల్లడించు సమితి యొకటి ప్రతి సంఘమునను శాశ్వతముగా పనిచేయవలెను. ప్రభుత్వము తన కందిన నివేదికలను అలమారలనుండి వెలికి తీయవలెను. పాఠకులు చేయదగినదియు ఒకటి కలదు: ఇకమీదట ఎవరైనను నడివీథిలో నిలిచి గొంతెత్తినపుడు, ఆ గొంతు మర్యాదను తూచుటకు ముందు, అంతకుముందు ఆ మనిషి ఎన్ని తలుపులు తట్టినదో విచారింపవలెను.